ఒకే స్వరం మీద నిలిచిన మాట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ ప్రసంగం నిజానికి నేను చెయ్యవలసింది కాదు. పోయిన ఏడాది సమావేశంలో మన సీనియర్ మిత్రులొకరు చెయ్యవలసింది. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. పేరు పెట్టి పొగిడితే ఆయనకు గిట్టేది కాదు కనుక, తార ఆఫీసులో మేమంతా పిలిచినట్టే 'మాస్టారు' అంటాను. సమావేశానికి నెల రోజుల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది. ఆరు నెలల తరువాత ఆయనే వెళ్ళిపోయారు. ప్రసంగం కోసం రాసుకున్న నోటుపుస్తకాన్నీ, కొన్ని కేసెట్లనీ వదినగారు నా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది చదివి, విని, నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. ఒప్పులుంటే మాస్టారివి, తప్పులుంటే నావి.

విషయం చెబితే కొందరికి నవ్వు రావచ్చు. జర్మనీలో లూథరన్ క్రైస్తవులు ప్రార్థనలో వాక్యాన్ని రాగయుక్తంగా చదివే పద్ధతి, దాన్ని బాఖ్ వంటి మహా సంగీతజ్ఞులు తమ రచనల్లో వాడుకున్న తీరు. డి.ఏ. బకాయిలు, మెడికల్ రీఇంబర్సుమెంటు వినడానికి వచ్చిన వాళ్ళకు ఇదేమిటి అనుకోకండి. మన ఉద్యోగానికీ దీనికీ సంబంధం ఉందని మాస్టారు నన్ను ముప్పై ఏళ్ళ పాటు ఒప్పించడానికి ప్రయత్నించారు. ఆయన ఉండగా నేను ఒప్పుకోలేదు.

ఒక్క స్వరంలో సంగీతమేమిటి?

నేను 1971లో గుంటూరు తార ఆఫీసులో చేరాను. అప్పటికే ఆయన అనుభవం గల సిగ్నలరు. మోర్స్ సౌండరు టకటకమంటుంటే, కాఫీ తాగుతూనే, కాగితం వైపు కూడా చూడకుండా, రాసుకుపోయేవారు. గోదావరి అవతల ఏ ఆఫీసులో ఎవరు కీ మీద కూర్చున్నారో ఆ చెయ్యి వాలకాన్ని బట్టి చెప్పగలిగేవారు.

ఆయన లూథరన్ సంఘస్థులు. మన జిల్లాలో ఆ సంఘం ఈనాటిది కాదు. అమెరికా నుంచి హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జులై 31న. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. మాస్టారి కుటుంబం నాలుగు తరాలుగా అందులో ఉంది. గుడిలో పాటల బృందాన్ని నడిపేవారు. కాలేజీ రోజుల్లో ఒక అమెరికన్ ప్రొఫెసరు ఇంట్లో గ్రామఫోను రికార్డుల మీద బాఖ్ సంగీతం విని, ఆ పిచ్చిలోనే ఉండిపోయారు.

ఒకరోజు నైట్ డ్యూటీలో ఆయన ఏదో సన్నగా అంటున్నారు. పాట కాదు, చదవడమూ కాదు. ఒకే స్వరం పట్టుకుని మాటలు దొర్లించి, చివర కాస్త వంచి దించారు. నేను మా ఇంట్లో త్యాగరాజస్వామి కృతులు వింటూ పెరిగినవాణ్ణి. గర్వం కొంచెం ఎక్కువ. "మాస్టారూ, ఒకే స్వరం మీద నిలబడితే అది సంగీతం ఎలా అవుతుందండీ?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. సౌండరు వైపు చూపించి, "ఏమోయ్, అది ఎన్ని స్వరాల్లో మాట్లాడుతోంది? దాంట్లో చావు కబురూ వినపడుతుంది, పెళ్ళి కబురూ వినపడుతుంది కదా?" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. కానీ ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. "క్రిస్మసుకి మా గుడికి రా, వినిపిస్తాను" అన్నారు. వస్తానన్నాను, వెళ్ళలేదు. తరువాతి ఏడూ అంతే. ఆ సంగతి చివర చెబుతాను.

లూథరు చేసిన పని

ఇక అసలు విషయం. పదహారో శతాబ్దం దాకా పశ్చిమ ఐరోపాలో చర్చి ఆరాధన అంతా లాటిన్ భాషలో జరిగేది. ఆ లాటిన్ వాక్యాలను వాద్యాలు లేకుండా, తాళం లేకుండా, ఏకస్వరంగా గానం చేసే పద్ధతిని గ్రెగోరియన్ చాంట్ అంటారు. అందులో ముఖ్యమైనది కీర్తనల పఠనం. ఒక స్వరాన్ని స్థాయిగా పట్టుకుంటారు. వాక్యం ఎంత పొడుగున్నా మాటలన్నీ దాని మీదే నడుస్తాయి. వాక్యం సగంలో ఒక చిన్న వంపు, చివర ఒక దించుడు. అంతే. మన హరిదాసుగారు కథలో వచనం చెబుతూ శ్రుతిని వదలకుండా నిలబడటం గుర్తు తెచ్చుకోండి. వేదపఠనంలో ఉదాత్త అనుదాత్త స్వరితాలు తెలిసినవాళ్ళకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని నేననడం లేదు. మాటను మరచిపోకుండా, చెరిగిపోకుండా అందించడానికి మనుషులు వేర్వేరు చోట్ల దాదాపు ఒకే ఉపాయం పట్టారని మాత్రం అంటాను.

మార్టిన్ లూథరు సంస్కరణ మొదలుపెట్టాక ఈ పాత గానాన్ని పారెయ్యలేదు. చాలామంది పారేశాడనే అనుకుంటారు. 1523లో ఆయన రాసిన ఆరాధన క్రమం లాటిన్‌లోనే ఉంది. ప్రజలకు తెలిసిన భాషలో కూడా ఉండాలని తరువాత జర్మన్ ఆరాధన క్రమాన్ని తయారుచేశాడు. అది 1525 చివరలో విట్టెన్‌బర్గులో ఆచరణలోకి వచ్చింది, 1526లో అచ్చయింది. అందుకోసం యోహాన్ వాల్టర్ అనే సంగీతజ్ఞుణ్ణి పిలిపించుకుని మూడు వారాలు తన దగ్గర ఉంచుకున్నాడు. వాల్టర్ తరువాత రాసిన జ్ఞాపకాల ప్రకారం, లూథరు తానే పిల్లనగ్రోవి ఊది స్వరాలు కట్టేవాడట. క్రీస్తు దయాళువు, ఆయన మాట మెత్తన, కనుక సువార్తకు ఒక రకం స్వరస్థాయి. పౌలు గంభీరుడు, కనుక ఆయన లేఖలకు మరో రకం. ఇలా ఏరి పెట్టాడట.

ఇంకో తమాషా ఉంది. ఆ పుస్తకంలో లూథరు కామాకు ఏ స్వరాలు, ఫుల్‌స్టాపుకు ఏ స్వరాలు, ప్రశ్నకు ఏ స్వరాలు అని విడివిడిగా రాసి ఇచ్చాడు. ఇక్కడ మాస్టారు నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసుకున్నారు. "మోర్స్‌లో విరామ చిహ్నాలకు కోడ్ ఉన్నట్టే" అని పక్కన రాశారు. తంతి పంపినవాడు ఎంత ఏడుస్తూ రాశాడో మనకు తెలియనక్కరలేదు. కామా తప్పుగా కొడితే మాత్రం అర్థమే మారిపోతుంది. సువార్త చదివేవాడి బాధ్యతా అదే. తన గొంతు గొప్పతనం చూపించడం కాదు, వాక్యం ఎక్కడ ఆగాలో అక్కడ ఆపడం.

లూథరు పట్టుబట్టిన మరో సంగతి మనకు మరీ దగ్గరది. 1525లో రాసిన ఒక పుస్తకంలో ఆయన అంటాడు: లాటిన్ స్వరాలను అలాగే ఉంచి కింద జర్మన్ మాటలు అతికిస్తే చాలదు, అది కోతి అనుకరణ అవుతుంది, మాటా, ఊనికా, రాగమూ అన్నీ మాతృభాషలోంచి రావాలి అని. ఒక్క ఉదాహరణ చెబుతాను. నాలుగో శతాబ్దపు అంబ్రోసు బిషప్పుదని చెప్పే ఒక లాటిన్ గీతం క్రిస్మసుకు ముందు వారాల్లో పాడేవారు. లూథరు 1524లో దాన్ని జర్మన్ చేశాడు. పాత వరసే తీసుకున్నాడు. కానీ జర్మన్ మాటల్లో బరువు ఎక్కడ పడుతుందో చూసి స్వరాలను సరిచేశాడు. మొదటి పాదం వరసనే చివరి పాదానికి మళ్ళీ పెట్టాడు, జనానికి పట్టుబడేటట్టు. ఆ పాటనే బాఖ్ 1714లో వైమార్‌లో ఒకసారి, 1724లో లైప్‌జిగ్‌లో మరోసారి తీసుకుని రెండు వేర్వేరు కాంటాటాలు కట్టాడు. కాంటాటా అంటే ఆదివారం ఆరాధనలో గాయకులూ వాద్యగాళ్ళూ కలిసి వినిపించే ఇరవై నిమిషాలో అరగంటో ఉండే రచన.

మన తెలుగులోనూ ఇదే జరిగింది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో, మన తాళాల్లో, పల్లవీ చరణాలతో రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరూ తాళం పేరూ కనిపిస్తాయి. ఆంగ్ల వరసకు తెలుగు మాటలు కుక్కిన పాటలు పెదవుల మీద ఉంటాయని, ఆయన పాటలు గుండెలో ఉంటాయని మాస్టారు అనేవారు.

మూడు గొంతులు

ఇప్పుడు శ్రమల కథ సంగతి. ఈస్టరుకు ముందు వారంలో క్రీస్తు సిలువ మరణ వృత్తాంతాన్ని సువార్తలోంచి గానంగా చదవడం పాత ఆచారం. ఒకరే చదివినా, ముగ్గురు పంచుకున్నా, మూడు స్థాయిలు పాటించేవారు. కథ చెప్పే సువార్తికుడిది మధ్య స్థాయి. క్రీస్తు మాటలు కింది స్థాయిలో. మిగిలిన పాత్రలవి పై స్థాయిలో. కళ్ళు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

వాల్టర్ 1530 ప్రాంతంలో దీన్ని జర్మన్‌లోకి మార్చాడు. జనసమూహం అరిచే చోట మాత్రం నాలుగు గొంతులు కలిపి పాడతాయి. ఆ పద్ధతి ఎంత స్థిరపడిందంటే, 1682లో లైప్‌జిగ్‌లో వోపేలియస్ అచ్చువేసిన పాటల పుస్తకంలోనూ ఆ శ్రమల పఠనం ఉంది. అంటే నూటయాభై ఏళ్ళు.

హైన్రిక్ ష్యూట్స్ (1585–1672) అనే మహానుభావుడు డ్రెస్‌డెన్ ఆస్థానంలో ఉండేవాడు. ఇటలీ వెళ్ళి వెనిస్‌లో చదువుకుని వచ్చిన ఆడంబరమైన సంగీతం ఆయనకు కొట్టిన పిండి. అయినా 1623లో క్రీస్తు పునరుత్థాన కథను కట్టినప్పుడు, సువార్తికుడికి పాత ఈస్టరు పఠన స్వరాన్నే ఇచ్చాడు. నాలుగు తంత్రీ వాద్యాలు కింద శ్రుతి పట్టినట్టు నిలబడతాయి, గాయకుడు ఒకే స్వరం మీద కథ చెప్పుకుపోతాడు. తరువాత ముప్పై ఏళ్ళ యుద్ధం, అంటే 1618 నుంచి 1648 దాకా, జర్మనీని పీల్చి పిప్పి చేసింది. ఆస్థాన వాద్యబృందం చితికిపోయింది, జీతాలు అందలేదు. జీతాలు అందకపోవడమంటే ఏమిటో ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు.

ఎనభై ఏళ్ళ వయసులో, 1660ల్లో, ష్యూట్స్ లూకా, యోహాను, మత్తయి సువార్తల ప్రకారం మూడు శ్రమల కథలు రాశాడు. వాటిలో ఒక్క వాద్యమూ లేదు. కథ చెప్పే భాగాలకు పాత చాంట్ పద్ధతిలోనే, కాల ప్రమాణం లేకుండా, ఉత్త స్వరాలు మాత్రం రాసిపెట్టాడు. వేగమూ విరామమూ మాటను బట్టి గాయకుడే చూసుకోవాలి. కేసెట్టులో ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు విసుగు పుట్టిన మాట నిజం. రెండోసారి మాస్టారు నోటుపుస్తకంలో ఉన్న తెలుగు బైబిలు అధ్యాయం పక్కన పెట్టుకుని విన్నాను. పేతురు ఎవరో తెలియదని బొంకి, కోడి కూశాక బయటికి వెళ్ళి ఏడ్చే చోట, అంతవరకూ తిన్నగా నడిచిన స్వరం కదులుతుంది. అంతసేపూ కదలలేదు కనుకనే ఆ కదలిక అంత గట్టిగా తగిలింది.

లైప్‌జిగ్‌లో వాద్యాలతో కూడిన శ్రమల సంగీతం గుడ్ ఫ్రైడే సాయంకాలపు ఆరాధనలోకి వచ్చింది 1721లో. అప్పుడు అక్కడి సంగీతాధికారి కూనౌ. ఆయన తరువాత 1723లో ఆ ఉద్యోగంలోకి వచ్చినవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. బాఖ్ యోహాను శ్రమలు 1724లో, మత్తయి శ్రమలు 1727లో వినిపించాడు. వాటిలో కథనం పాత చాంట్ కాదు. ఇటాలియన్ నాటకాల వచన గానపు బాణీ. కానీ పాత్రల ఏర్పాటు చూడండి. సువార్తికుడు టెనర్, క్రీస్తు బాస్. అంటే మధ్య గొంతు, కింది గొంతు. స్వరాలు మారాయి, ఇల్లు అదే. మత్తయి శ్రమల్లో క్రీస్తు మాట్లాడినప్పుడల్లా వయొలిన్లు వెలుగు పట్టినట్టు చుట్టూ నిలుస్తాయి. సిలువ మీద, దేవుడు తనను విడిచిపెట్టాడని ఆయన కేక వేసే చోట మాత్రం ఆ వయొలిన్లు ఉండవు. అక్కడ ఒక్క గొంతే మిగులుతుంది. వింటే గుండె జారిపోతుంది.

బాటసారి స్వరం

మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇప్పుడు చెబుతాను.

లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియమ్మ పాడే స్తుతిగీతం ఉంది. దాన్ని సాయంకాల ప్రార్థనలో పాడతారు. కీర్తనల పఠనానికి మామూలుగా ఎనిమిది స్వరస్థాయిలున్నాయి. ప్రతి దానికీ ఒకే నిలకడ స్వరం. ఈ ఎనిమిదిలోనూ చేరనిది ఒకటుంది. వాక్యం మొదటి సగం ఒక స్వరం మీద, రెండో సగం ఒక మెట్టు కింద మరో స్వరం మీద నిలుస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే మొదటి సగం పంచమం మీద, రెండో సగం మధ్యమం మీద, చివర షడ్జానికి దిగడం. ఒక ఇల్లంటూ లేదు కనుక దీనికి లాటిన్‌లో 'పెరిగ్రినస్' అని పేరు, అంటే పరదేశి, బాటసారి. లూథరన్లు మరియమ్మ గీతాన్ని జర్మన్‌లో పాడటానికి ఈ బాటసారి స్వరాన్నే ఎంచుకున్నారు. లైప్‌జిగ్ గుడుల్లో సాయంకాల ప్రార్థనల్లో విని విని అది చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చేది.

బాఖ్ 1723లో ఈ గీతాన్ని లాటిన్‌లో పెద్ద ఎత్తున కట్టాడు. అందులో దేవుడు తన కనికరాన్ని జ్ఞాపకం చేసుకుని తన సేవకునికి సాయపడ్డాడనే చరణం వస్తుంది. అక్కడ మూడు పై గొంతులు మెల్లగా అల్లుకుంటూ లాటిన్‌లో పాడుతుంటే, వాటి పైన ఒక ట్రంపెట్టు, మాటలేమీ లేకుండా, దీర్ఘమైన స్వరాల్లో ఆ పాత బాటసారి వరస వాయిస్తుంది. 1733 ప్రాంతంలో ఈ రచనను సవరించినప్పుడు ఆ పని ఓబోలకు అప్పగించాడు. 1724లో అదే గీతం మీద జర్మన్ కాంటాటా కట్టినప్పుడు కూడా, సరిగ్గా అదే చరణం దగ్గర, ఇద్దరు గాయకులు పాడుతుండగా వాద్యాల మీద ఆ వరస వినిపించాడు. కనికరాన్ని జ్ఞాపకం చేసుకోవడం గురించిన మాట వచ్చినప్పుడే వినేవాళ్ళకు జ్ఞాపకం ఉన్న వరస మోగుతుంది. బాఖ్ ఇంతకన్నా వివరణ ఇవ్వలేదు.

వాద్యం మాట పలకదు కదా, జనానికి ఏం అర్థమవుతుంది అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. మాస్టారు నవ్వి, "గ్రీటింగ్ టెలిగ్రాములు మరిచావా?" అన్నారు. గుర్తుంది కదూ? పెళ్ళికొక నంబరు, పండగకొక నంబరు. మనం వైరు మీద అంకె మాత్రం కొట్టేవాళ్ళం. అవతలివాడు రంగుల కాగితం మీద ఆశీర్వాద వాక్యమంతా రాసి ఇచ్చేవాడు. అంకెలో వాక్యం ఉందా? లేదు. ఇద్దరి దగ్గరా ఒకే పట్టిక ఉంది. లైప్‌జిగ్‌లో ట్రంపెట్టు మోగించినవాడి దగ్గరా, బల్ల మీద కూర్చున్న ముసలమ్మ దగ్గరా ఉన్నది ఒకే పట్టిక. వింటూ ఆవిడ మనసులో మాటలు తనే నింపుకునేది.

పట్టిక పోయిందనుకోండి. ట్రంపెట్టు ఉంటుంది, స్వరాలుంటాయి, సంగీతం బాగానే ఉందంటారు. కబురు మాత్రం అందదు.

కడపటి లెక్క

బాఖ్ చివరి రోజుల్లో, 1748–49 ప్రాంతంలో, కళ్ళు మసకబారుతుండగా, తన పాత రచనలను కూడదీసి బి మైనర్ మాస్ అనే పెద్ద గ్రంథాన్ని పూర్తిచేశాడు. అందులో విశ్వాస ప్రమాణం వచ్చే చోట, అయిదు గొంతులూ రెండు వయొలిన్లూ ఒకదాని వెనక ఒకటి ఎత్తుకునేది కొత్త వరస కాదు. శతాబ్దాలుగా గురువులు ఆ ప్రమాణాన్ని ఎత్తిచ్చిన ఆ పాత చాంట్ వరసే. కింద బాస్ వాద్యం మాత్రం నిలవకుండా అడుగులు వేసినట్టు నడుస్తూనే ఉంటుంది. అదే ప్రమాణంలో పాపక్షమాపణ మాట వచ్చే దగ్గర, అయిదు గొంతుల అల్లిక మధ్యలో పాత చాంట్ మళ్ళీ వస్తుంది. మొదట రెండు గొంతులు దాన్ని ఒకదాన్నొకటి తరుముతాయి. తరువాత టెనర్ దాన్నే సాగదీసి, దూలం ఎత్తినట్టు నిలబెడుతుంది. ఎన్నో కొత్త పద్ధతులు చేతిలో ఉన్న మనిషి, తన చివరి పెద్ద పనిలో తాతల నాటి స్వరం దగ్గరికి వెళ్ళాడు. 1750 జులై 28న కన్నుమూశాడు.

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక చిన్న ముడి ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ 1726లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగులోకి అనువదించడానికి పూనుకున్నాడు. స్వదేశం తిరిగి వెళ్ళాక హాలె నగరంలో తెలుగు లిపిలో పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర అక్కడ, 1746లో మొదలవుతుందని మనవాళ్ళు రాస్తారు. అదే 1746లో అదే హాలెలో పెద్ద చర్చి ఆర్గన్ వాయించే ఉద్యోగంలో చేరినవాడు బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్. తండ్రి ఉండే లైప్‌జిగ్ అక్కడికి 35 కిలోమీటర్లు ఉంటుంది, మనకు గుంటూరు నుంచి బెజవాడ అంత దూరం. మన 'అఆ'లు సీసంలో పోసిన వీధులకు కాస్త దూరంలోనే ఈ స్వరాలు మోగుతుండేవి. వాళ్ళూ వీళ్ళూ ఒకరినొకరు ఎరుగుదురని నేననను. ఈ సంగతి రాసిన పేజీలో మాస్టారు ఏమీ వ్యాఖ్యానించలేదు, ఒక ఆశ్చర్యార్థకం మాత్రం పెట్టారు.

మాట పోయాక

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి.

పక్షవాతం వచ్చాక మాస్టారికి చెయ్యి కొంచెం తిరిగింది కానీ మాట రాలేదు. అన్నీ అర్థమయ్యేవి. మంచినీళ్ళు అడగబోతే ఇంకేదో శబ్దం వచ్చేది. వేలమంది మాటలను వైరు మీద పంపిన మనిషి, తన మాట తనే పంపుకోలేక కన్నీళ్ళు పెట్టుకునేవారు. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఏం చెయ్యాలో తోచక పేపరు చదివి వినిపించేవాణ్ణి.

ఒక సాయంత్రం వదినగారు దీపం పెట్టి, రోజూ చేసుకునే ప్రార్థన ఆరంభించారు. వాళ్ళ గుడిలో పాస్టరుగారు ఒక వాక్యం అంటే సంఘం జవాబు పాడుతుంది. ఆవిడ పాస్టరుగారి వాక్యం, అదే ఒక స్వరం మీద, సన్నగా అన్నారు. మంచం మీంచి జవాబు వచ్చింది. ముక్కలు ముక్కలుగా కాదు, వాక్యం మొత్తం, తెలుగు మాటలతో, చివర దించుడుతో సహా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వదినగారికి అది కొత్త కాదు. "రోజూ ఇంతేనండీ. ఇది మాత్రం పోలేదు" అన్నారు.

డాక్టరుగారిని అడిగితే, మాట్లాడటానికి ముఖ్యంగా మెదడు ఎడమవైపు పని చేస్తుందని, పాడటంలో కుడివైపు కూడా పాలుపంచుకుంటుందని, అందుకే మాట పడిపోయిన కొందరు పాట రూపంలో మాటలు అనగలుగుతారని, ఆ ఆధారంతోనే కొన్నిచోట్ల చికిత్స కూడా చేస్తారని చెప్పారు. కారణం అది కావచ్చు. నాకు మాత్రం ఆ రోజు నైట్ డ్యూటీ గుర్తుకొచ్చింది. ఒకే స్వరం మీద నిలబడితే అది సంగీతం ఎలా అవుతుందని అడిగిన కుర్రవాడికి జవాబు దొరికింది. అడిగిన యాభై ఏళ్ళకు దొరికింది.

ఆ తరువాత నేనూ ఆ వాక్యాలు నేర్చుకున్నాను. మతం మార్చుకున్నానా అని మా ఇంట్లో హాస్యమాడారు. లేదు. వదినగారికి వంటపని ఉన్నప్పుడు ఆయనకు అందించేవాళ్ళు ఒకరుండాలి కదా అని. నేను శ్రుతి తప్పితే ఆయన కనుబొమలు ముడిచేవారు. ఆఫీసులో నేను అక్షరం తప్పు కొట్టినప్పుడు ముడిచినట్టే. అలా నాలుగు నెలలు. ఆయన గుడికి నేను మొదటిసారి వెళ్ళింది ఆయన్ని సాగనంపిన రోజున. పాస్టరుగారు వాక్యం అన్నప్పుడు సంఘంతో పాటు నాకూ జవాబు వచ్చింది. క్రిస్మసుకు రమ్మన్నప్పుడు వెళ్ళి ఉంటే పక్కన ఆయన గొంతు ఉండేది. ఆ లోటు నాదే, ఎవరి మీదా తొయ్యలేను.

ఇంటికొచ్చాక ఇంకొకటి తట్టింది. మా తాతగారు నా చిన్నప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించిన పనసలు, ఉద్యోగం వచ్చిన ధీమాలో నేనే వదిలేశాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే సగం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. అందించేవాళ్ళు లేరు. నాకే మాట పడిపోతే, నా మంచం దగ్గర ఎవరు ఏ స్వరం ఎత్తుకోవాలి?

మిత్రులారా, మన తంతి సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది. మోర్స్ చెవితో వినగలిగినవాళ్ళం ఈ హాల్లో పట్టుమని పదిమంది ఉంటామేమో. అది పోయినందుకు ఏడవను, దాని పని అయిపోయింది. కానీ మనలో ఒక్కొక్కరి దగ్గర ఇంకా పని అయిపోని కంఠస్థాలు ఉన్నాయి. ఒకరికి మంగళహారతి, ఒకరికి పోతన పద్యం, ఒకరికి ఖురాను పఠనం, ఒకరికి ఆంధ్ర క్రైస్తవ కీర్తన, ఒకరికి నాట్ల పాట. అవి మన మనవలకు రాకపోవచ్చు. కనీసం మన భార్యకో, భర్తకో, పక్కింటి స్నేహితుడికో ఒక్కటైనా వచ్చేటట్టు చూసుకోండి. ఎత్తిచ్చే మనిషి ఒకరుంటే జవాబు ఇచ్చే శక్తి మనలో ఎక్కడో మిగిలే ఉంటుంది. మాస్టారి విషయంలో అది నేను కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను.

కార్యదర్శిగారితో మాట్లాడాను. నెలవారీ సమావేశంలో పెన్షను విషయాలు అయ్యాక పదిహేను నిమిషాలు దీనికి కేటాయిస్తామన్నారు. ఎవరికి ఏది వస్తే అది పాడవచ్చు, చదవవచ్చు. సెల్‌ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. గొంతు బాగుండాలన్న నియమం లేదు. మాస్టారి కేసెట్లు నా దగ్గరున్నాయి. ష్యూట్స్, బాఖ్ వినాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి. కాఫీ ఇస్తాను. మొదటిసారి విసుగు పుడితే మొహమాటపడకండి, రెండోసారి వినండి.